జెముడును నరకొద్దు, ఎకరాల్లో నాటొద్దు

రైతు సోదరులారా, వేసవిలో ఒకసారి ఆనందపురం నుంచి పద్మనాభం వైపు, లేదంటే భీమిలి దారిలో ఇసుక మెరకల వైపు నడిచి చూడండి. గరువు భూములు దుమ్ము రేగుతుంటాయి. గట్ల మీద గడ్డిపరక ఉండదు. పశువు డొక్కలు లోపలికి పోయి ఉంటాయి. అంత ఎండలోనూ పచ్చగా కనిపించేవి రెండే రెండు. ఒకటి తాడిచెట్టు, రెండోది నాగజెముడు.

ఈ జెముడు మీద ఇప్పుడు మన పల్లెల్లో రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. "పనికిమాలిన ముళ్ళకంప, పొక్లెయిన్ పెట్టి పీకించెయ్" అని ఒకరంటారు. "ముళ్ళులేని జెముడు వచ్చింది, ఎకరం వేసెయ్, మేతకు మేత, గ్యాసుకు గ్యాసు" అని ఇంకొకరంటారు. నన్నడిగితే రెండూ తొందరపాటే. గట్టు మీద పాతకాలం నుంచి ఉన్న జెముడు చిన్న రైతుకు ఖర్చు లేని కంచె. ముళ్ళులేని జెముడు కరవు రోజున ఆదుకునే మేత. ఈ రెంటిలో ఏదీ ఎకరాల్లో వేసే పంట కాదు. ఎందుకంటున్నానో చెబుతాను, విని మీరే తేల్చుకోండి.

ముందు ఏ జెముడో గుర్తుపట్టండి

మన వాడుకలో జెముడు అంటే ఒకటి కాదు. బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అనేవి ఒక కుటుంబం. గోటితో గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, పశువు తింటే నోరు పుండవుతుంది. వీటిని మేతకు పొరపాటున కూడా వాడకూడదు.

నాగజెముడు వేరే కుటుంబం. కొన్ని ఊళ్ళలో దీన్నే బ్రహ్మజెముడు అంటారు. దీన్ని గిల్లితే పాలు రావు, జిగురు నీళ్ళు వస్తాయి. ఇంగ్లీషులో కాక్టస్ అనేది దీని కుటుంబాన్నే. మనం ఆకు అనుకునే మందపాటి మట్ట నిజానికి దీని కాండం. అసలు ఆకులు ముళ్ళుగా మారిపోయాయి. ముళ్ళ గుత్తి కింద చిన్న బొడిపె, దాని మీద దూదిలాంటి నూగు ఉంటాయి. ఆ నూగులో కంటికి సరిగా కనపడని సన్నపు ముళ్ళు వందల కొద్దీ ఉంటాయి. పెద్ద ముల్లు కంటే ఇవే ప్రమాదం. చేతికి గుచ్చుకుంటే రుద్దకండి. జిగురు పట్టీ అంటించి ఒక్కసారి లాగితే చాలావరకు ఊడి వస్తాయి.

ఇది ఎండలో ఎలా బతుకుతుందో కూడా తెలుసుకోవాలి. మామూలు మొక్క పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటుంది. ఆ పనిలో నీరంతా ఆవిరైపోతుంది. జెముడు పగలంతా ఆ రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అందుకే మిగతా పైర్లకు కావలసిన నీటిలో కొద్ది భాగంతోనే గడుపుకొస్తుంది. వేర్లు లోతుకు పోవు, పైపైనే విస్తరిస్తాయి. ఒక్క చిరుజల్లు పడినా తాగి, మట్టల్లో దాచుకుంటుంది. తెగిన మట్ట నేల మీద పడితే అక్కడే వేళ్ళూని కొత్త మొక్కవుతుంది. దాని బలం అదే, దానితో వచ్చే చిక్కు కూడా అదే.

ఓడెక్కి వచ్చిన మొక్క

నాగజెముడు మన మొక్క కాదంటే చాలామంది నమ్మరు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. అక్కడ దీని మీద బతికే ఒక చిన్న పురుగు ఉంది. దాన్ని నలిపితే చిక్కటి ఎర్రరంగు వస్తుంది. ఒకప్పుడు యూరపులో ఆ రంగుకు పెద్ద గిరాకీ. ఆ వ్యాపారం మన దేశంలోనూ చేయాలని ఈస్టిండియా కంపెనీ 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో జెముడు తోట వేయించింది. 1795లో బ్రెజిల్ నుంచి ఓడలో కలకత్తాకు పురుగులు తెప్పించింది. మన విశాఖ ప్రాంతం అప్పటికే కంపెనీ ఏలుబడిలో ఉంది.

రంగు వ్యాపారం దెబ్బతింది. వచ్చింది మేలురకం పురుగు కాదు, అడవి రకం. రంగు రాకపోగా అది ఒక రకం జెముడును తినేసింది. తర్వాత 1836-38 ప్రాంతంలో ఆ పురుగునే దక్షిణాదికి తెచ్చి, కలుపు జెముడు మీద వదిలారు. కలుపును పురుగుతో చంపించడం ప్రపంచంలో అదే మొదలని శాస్త్రజ్ఞులు చెబుతారు.

కానీ మన నాగజెముడు వేరే రకం. దాన్ని ఆ పురుగు ముట్టలేదు. మద్రాసు రాజధాని అంతటా బీళ్ళు, డొంకలు, చెరువుగట్లు ఆక్రమించింది. చివరికి 1926లో సిలోన్ నుంచి మరో రకం పురుగును తెప్పించారు. అయిదారేళ్ళలో దక్షిణ భారతంలో సుమారు 40 వేల హెక్టార్లు, అంటే లక్ష ఎకరాల దాకా జెముడు తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు మనం గట్ల మీద చూస్తున్నది ఆ దెబ్బ తిన్నాక మిగిలినదే.

ఆ పురుగు మాత్రం పోలేదు. మట్టల మీద తెల్లటి దూది ఉండల్లాంటివి ఎప్పుడైనా చూశారా? ఒకటి తీసి నలపండి. వేలు ఎర్రబడితే అదే ఆ పురుగు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు మళ్ళీ అవసరం పడుతుంది.

రెండు దేశాల పాఠం

ఎర్రరంగు ఆశతోనే 1788లో ఇంగ్లీషువాళ్ళు ఆస్ట్రేలియాకూ జెముడును పట్టుకెళ్ళారు. అక్కడ దాన్ని తినే పురుగు లేదు. 1925 నాటికి సుమారు 6 కోట్ల ఎకరాలను అది ఆక్రమించింది. రైతులు ఇళ్ళు, పొలాలు వదిలేసి వెళ్ళిపోయారు. అప్పుడు అర్జెంటీనా నుంచి ఒక రెక్కల పురుగును తెచ్చి వదిలితే, దాని గొంగళి పురుగులు మట్టల్ని లోపలినుంచి తొలిచేసి ఏడెనిమిదేళ్ళలో చాలావరకు చంపేశాయి. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బూనార్గా అనే ఊరి రైతులు 1936లో ఒక సమావేశ మందిరం కట్టుకుని దానికి ఆ పురుగు పేరే పెట్టుకున్నారు.

ఇది విని "చూశారా, జెముడు ఎంత పాపిష్టిదో" అనుకోకండి. ఆఫ్రికా పక్కన మడగాస్కర్ దీవి ఉంది. దాని దక్షిణాన పశువులు కాచుకుని బతికే జనం ఉన్నారు. వాళ్ళకు జెముడే కంచె. ఎండలు ముదిరితే ముళ్ళు కాల్చి పశువులకు పెట్టే మేతా అదే, నీళ్ళూ అవే. 1924లో ఫ్రెంచి దొరల హయాంలో అక్కడికి ఎర్రరంగు పురుగు చేరింది. అయిదారేళ్ళలో జెముడంతా ఎండిపోయింది. మేత లేక పశువులు కుప్పకూలాయి, 1930 ప్రాంతంలో జనం కరవు పాలయ్యారు.

ఒకచోట మొక్కను అడ్డూ అదుపూ లేకుండా వదిలి చెడ్డారు. ఇంకోచోట దానికి బదులు ఏమిటో చూసుకోకుండా పోగొట్టుకుని చెడ్డారు. మన గట్టు మీది జెముడును పీకేముందు ఈ రెండో కథ తలుచుకోవాలి.

గట్టు మీది జెముడు విలువ ఎంత?

మన తాతల కాలంలో ఊరికి ఒక బంజరు, ఒక కొండవాలు, ఒక చెరువు లోపలి బీడు ఉండేవి. పశువులు అక్కడ తిరిగి వచ్చేవి. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగాక గాజువాక వైపు వేల ఎకరాలు దానికి పోయాయి. రేవు పెరిగింది, పరిశ్రమలు వచ్చాయి, నగరం పెందుర్తి దాటింది, భీమిలి దాకా పాకింది. వాటివల్ల ఉద్యోగాలు వచ్చాయి, కాదనను. కానీ మేత బీళ్ళు పోయాయి. ప్లాట్లు వేసిన చోట సరిహద్దు రాళ్ళు మొలిచాయి తప్ప గడ్డి మొలవలేదు.

మేత బీడు లేని మేక ఎక్కడికి పోతుంది? మీ వంగతోటలోకో, బంతితోటలోకో వస్తుంది. రాత్రయితే పందులు వస్తాయి. అంటే బీళ్ళు పోయినకొద్దీ కంచె అవసరం పెరిగింది. ముళ్ళతీగ కంచె వేయాలంటే రాతి స్తంభాలు, తీగ, కూలి అన్నీ కొనాలి. సముద్రపు ఉప్పుగాలికి ఆ తీగ తొందరగా తుప్పు పడుతుంది. ఉక్కు ఊరి పక్కనే ఉన్నా ఉక్కు కంచె అరెకరం రైతుకు అందదు. కరెంటు తీగ పెడదామా అంటే, దానివల్ల పోయిన మనుషుల సంగతి పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆ పని చట్టానికీ విరుద్ధం, మనసుకూ విరుద్ధం.

అలాంటప్పుడు తాతలు పెట్టిన జెముడు గట్టును పీకించడానికి గంటల లెక్కన పొక్లెయిన్‌కు డబ్బు కట్టి, మళ్ళీ ఇనుప కంచెకు అప్పు చేయడం ఏం లెక్క? పీకిన మట్టల్ని డొంకలో పడేస్తే అవి అక్కడ మళ్ళీ మొలుస్తాయి. అప్పుడు డబ్బూ పోతుంది, కంచే పోతుంది, కలుపు మాత్రం పెరుగుతుంది.

జెముడు గట్టుతో ఇబ్బందులు లేవని నేననను. గుబురు ముదిరితే ఎలుకలు చేరతాయి, వాటి వెనకే పాములు చేరతాయి. ఏటా అటూ ఇటూ పెరిగిన మట్టల్ని కోసి, గట్టు రెండు మూడు అడుగుల వెడల్పు మించకుండా చూసుకోవాలి. కోసిన మట్టల్ని ఎండబెట్టి కాల్చేయండి, లేదా లోతుగా గుంత తీసి పూడ్చండి. కాలవలో మాత్రం వేయకండి. నీళ్ళతో కొట్టుకుపోయి పక్కవాడి పొలంలో మొలుస్తుంది.

ఉన్న గట్టును ఉంచుకోమంటున్నాను గానీ, ముళ్ళజెముడును కొత్తగా నాటమనడం లేదు. ఆస్ట్రేలియా సంగతి విన్నారు కదా! కొత్త కంచె కావాలంటే మనకు తెలిసిన గచ్చకాయ, కిత్తనార, వావిలి ఉన్నాయి.

ముళ్ళులేని జెముడు సంగతి

ఇప్పుడు రెండో మాటకు వద్దాం. ముళ్ళులేని జెముడు అబద్ధం కాదు. జోధ్‌పూర్‌లోని కాజ్రీలోనూ, ఝాన్సీలోని పశుగ్రాస పరిశోధనా సంస్థలోనూ దాని మీద పనిచేశారు. 2022లో కేంద్ర భూవనరుల శాఖ వాటర్‌షెడ్ పథకం కింద దీన్ని ప్రోత్సహించాలని పూనుకుంది. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో లక్షల ఎకరాల్లో పశువుల కోసమే దీన్ని పెంచుతున్నారు.

అయితే ఈ పాట కొత్తది కాదు. వందేళ్ళ పైమాటే, అమెరికాలో లూథర్ బర్బాంక్ అనే పేరుమోసిన మొక్కల పెంపకందారు 1907 ప్రాంతంలో ముళ్ళులేని జెముడును బయటపెట్టాడు. ఎడారులు పచ్చిక బయళ్ళవుతాయని ప్రచారం జరిగింది. జనం ఎగబడి మట్టలు కొన్నారు. నాటాక తెలిసింది అసలు సంగతి. ముల్లు లేని మొక్కను పశువే కాదు, ఎలుకలు, కుందేళ్ళు కూడా తినేస్తాయి. దాన్ని కాపాడడానికి మళ్ళీ కంచె కావాలి, బాగా పెరగాలంటే నీళ్ళూ కావాలి. ఎగబడి కొన్నవాళ్ళు నష్టపోయారు. ముల్లున్నది మేతకు సులువు కాదు, ముల్లు లేనిది కంచెకు పనికిరాదు. ఒకే మొక్క రెండు పనులూ చేస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

మేతగా దాని బలాబలాలు చూడండి. మట్ట బరువులో నూటికి 85 నుంచి 90 పాళ్ళు నీళ్ళే. పది కిలోలు వేస్తే తొమ్మిది కిలోల దాకా నీళ్ళు వేసినట్టు. ఎండాకాలం అది మేలే, పశువు తాగే నీళ్ళు తగ్గుతాయి. కానీ మాంసకృత్తులు చాలా తక్కువ, పీచు తక్కువ. సున్నం ఎక్కువ, భాస్వరం తక్కువ. ఉత్త జెముడే మేపితే పేడ పలచబడి పశువు నీరసిస్తుంది. ఎండుగడ్డి తప్పనిసరిగా కలపాలి. దానితోపాటు తవుడో, చెక్కో, అవిశె, సుబాబుల్ ఆకో ఇవ్వాలి. మొదట మేకకు అరకిలో, ఆవుకు రెండు మూడు కిలోలతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలమీద కొద్దికొద్దిగా పెంచాలి. మట్టల్ని వేలెడు ముక్కలుగా తరిగి వేయాలి. మీ పశువైద్యుణ్ణి ఒక మాట అడిగాకే మొదలుపెట్టండి.

ఇక రెండు పెద్ద చిక్కులున్నాయి. మొదటిది మన వానలు. విశాఖలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడుతుంది. జోధ్‌పూర్ వైపు అందులో సగం కూడా పడదు. పైగా మన వానలో మంచి భాగం తుపానులతో ఒక్కసారే పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చూశాం కదా! నీళ్ళు నిలిచే పల్లపు భూమిలో, బంకనేలలో జెముడు వేరు కుళ్ళి చస్తుంది. ఎర్రగరువు, ఇసుక మెరక, రాళ్ళ గట్టు మాత్రమే దానికి పనికొస్తాయి.

రెండోది ఇందాక గుర్తుపెట్టుకోమన్న తెల్లదూది పురుగు. 1926లో నాగజెముడును చంపడానికి తెచ్చిన పురుగు ముళ్ళులేని జెముడునూ తింటుంది. మొరాకో దేశంలో రైతులు జెముడు మీదే ఆధారపడి బతుకుతుంటే, 2014లో ఈ పురుగు కనిపించింది. కొద్ది సంవత్సరాల్లో తోటలకు తోటలే ఎండిపోయాయి. బ్రెజిల్‌లోనూ చాలా తోటలు ఇలాగే పోయాయి. మన దగ్గర ఆ పురుగు దాదాపు వందేళ్ళుగా కాచుకుని ఉంది. ఎకరాల కొద్దీ ఒకే మొక్క వేయడమంటే దానికి విందు పెట్టడమే. ఎకరం ఉన్న రైతు అరెకరం ప్రయోగానికి ఇస్తే, పోయేది ప్రయోగం కాదు, సగం బతుకు.

ఎలా నాటాలి, ఎంత నాటాలి

అందుకని పంట భూమి ముట్టుకోకండి. కంచె లోపల, పశువుల పాక దగ్గర, గట్టు ఓరన, ఏమీ పండని ఒకటి రెండు సెంట్లలో పాతికో యాభయ్యో మట్టలు నాటండి. చాలు. ఏడాది పైబడిన ముదురు మట్టను కణుపు దగ్గర కోయాలి. నీడలో పది పదిహేను రోజులు ఆరబెట్టాలి. కోత మానకుండా నాటితే కుళ్ళుతుంది. నేల నుంచి అడుగు ఎత్తున బోదె తీసి, మట్టలో మూడో వంతు మట్టిలో ఉండేలా నాటాలి. తుపానుల కాలం దాటాక, పుష్య మాఘ మాసాల్లో నాటితే మేలు. వెంటనే నీళ్ళు పోయకండి. వారం పది రోజులయ్యాక, నేల మరీ ఎండితే కొద్దిగా తడపండి. రెండేళ్ళు కోయకుండా వదిలేయండి. తర్వాత కూడా తల్లిమట్టనూ, దాని పైన ఒక వరసనూ ఉంచి పైవే కోయండి.

వారానికోసారి తెల్లదూది ఉందేమో చూడండి. కనిపిస్తే కొద్దిగా ఉన్నప్పుడే సబ్బునీళ్ళతో గట్టిగా రుద్ది కడగండి. ఎక్కువైతే ఆ మట్ట కోసి కాల్చేయండి. పాత నాగజెముడు గట్టుకు ఆనుకుని మాత్రం నాటకండి. పురుగు అక్కడినుంచే దిగుతుంది.

ముళ్ళులేని రకం దొరకకపోతే, కరవు ముదిరినప్పుడు గట్టు మీది నాగజెముడే కాల్చి మేపవచ్చు. తాటాకు మంట మీద తిప్పి, పెద్ద ముళ్ళూ, నూగుముళ్ళూ పూర్తిగా కాలాయని చూసుకున్నాకే తరగాలి. ముల్లు మిగిలితే పశువు నోరు, కడుపు పుండవుతాయి. ఇది గతిలేని రోజు పని, రోజూ చేసేది కాదు.

డ్రాగన్ ఫ్రూట్ గురించి ఒక మాట. అదీ జెముడు కుటుంబమే. దానికి స్తంభాలు, చక్రాలు, డ్రిప్పు కలిపి ఎకరానికి లక్షల్లో మదుపు కావాలి. బలమున్న రైతు వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. "ఎడారి మొక్కే కదా, దానంతటదే పెరుగుతుంది" అని అప్పుచేసి మాత్రం దిగకండి.

అధికారులకూ ఒక విన్నపం. ముళ్ళులేని జెముడును లక్ష్యాలు పెట్టి ఎకరాల లెక్కన పంచవద్దు. మండలానికి ఒకచోట, రైతు పొలంలోనే, రెండు వానాకాలాలు తట్టుకుంటుందో లేదో చూపించండి. పురుగు పడితే ఏం చేయాలో ముందే నేర్పండి. ఆ తర్వాత మట్టలు ఉచితంగా ఇవ్వండి. ఊళ్ళో మిగిలిన కాసింత మేత బీడునూ కాపాడితే, మాకు జెముడు అవసరమే సగం తగ్గుతుంది.

రైతు సోదరులారా, ఈ మొక్కను రంగు కోసం తెచ్చినవాళ్ళు పోయారు, చంపడానికి పురుగు తెచ్చినవాళ్ళూ పోయారు. మంచయినా చెడయినా దానితో వేగుతున్నది మనమే. కాబట్టి గట్టు పీకించే ముందు కంచె ఖర్చు లెక్క వేసుకోండి. ఎకరం నాటే ముందు మీ పాక వెనక పాతిక మట్టలు నాటి రెండేళ్ళు చూడండి. ఆ రెండేళ్ళలో మీ పశువు చెప్పేది, మీ నేల చెప్పేది వినండి. ఆ తర్వాతే ఎవరి మాటైనా వినండి.